ఉత్సాహం: భావానికీ ప్రవృత్తికీ నడుమ

సూరత్ నగరానికి పడమర దిక్కున, తాపీనది ఆవలి ఒడ్డున, హజీరా రేవుకు పోయే దారిలో ఇచ్ఛాపోర్ అనే ఊరున్నది. ఇటీవలి కాలంలో రత్నాల, నగల పరిశ్రమకై అక్కడ ఒక ప్రత్యేకమైన పేట వెలసినందువల్ల దాని పేరు పత్రికలలో కనబడుతున్నది. తెలుగువానికి మాత్రం ఆ పేరు వినగానే శ్రీకాకుళం జిల్లా కొసన ఉన్న మన ఇచ్ఛాపురం తలపుకు వస్తుంది. ఒకటి పడమటి సముద్రానికి దగ్గర, మరొకటి తూర్పు సముద్రానికి దగ్గర. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యే వరకు ఇచ్ఛాపురం గంజాం జిల్లాలోనిదే. ఆ గంజాం సీమ నుండి నేడు లెక్కకు మిక్కిలిగా జనం వచ్చి సూరత్ మరమగ్గాల మీద పనిచేస్తున్నారు. తెలంగాణ పద్మశాలీలు కూడా ఇక్కడ కుదురుకొన్నారు. నగరంలో తెలుగు మాధ్యమపు బడులు నడపవలసి వచ్చినంతగా స్థిరపడినారు. ఈ రెండు ఊళ్ళ పేర్లు ఎట్లా పుట్టినవో చెప్పవలసినవారు చరిత్రకారులు. నన్ను పట్టుకొన్నది వాటిలోని ‘ఇచ్ఛ’ అనే మాట. మనిషిని ఒక తీరం నుండి మరొక తీరానికి నడిపించేది ఇచ్ఛయేనా? లేక ఇచ్ఛకు వెనుక మరొకటి ఉండి దానిని కదిలిస్తున్నదా?

ఇచ్ఛాపోర్‌లో కూర్చుండి నేను చేస్తున్న పనికీ ఈ ప్రశ్నకూ దగ్గరి చుట్టరికమే ఉన్నది. ఆచార్య రామచంద్ర శుక్ల (1884–1941) గారి వ్యాసాలను తెనిగించబోయి ఒక మాట దగ్గర ఆగిపోయినాను. 1939లో వెలువడిన వారి ‘చింతామణి’ మొదటి భాగంలో ఉత్సాహం, శ్రద్ధా–భక్తి, కరుణ, లజ్జా–గ్లాని, లోభం–ప్రీతి, ఘృణ, ఈర్ష్య, భయం, క్రోధం అనే వాటిని గూర్చి ఒక్కొక్క వ్యాసమున్నది. వీటన్నిటికీ పీఠికగా నిలిచిన వ్యాసం పేరు ‘భావ్ యా మనోవికార్’. హిందీలో మనోవికారమంటే మనస్సు పొందే మార్పు. తెలుగులో వికారమంటే కడుపులో తిప్పడం, కాకుంటే చూడ శక్యం కాని రూపం. మనోవికారాలని వ్రాస్తే మన పాఠకుడు ఏదో పిచ్చికి సంబంధించిన గ్రంథం చదువుతున్నాననుకొంటాడు. ‘ఉద్వేగం’ అందామా, అది మన మనశ్శాస్త్ర గ్రంథాలలో స్థిరపడిన మాటే గాని, హిందీ ఎరిగినవానికి ముందుగా కలత, గాభరా స్ఫురిస్తాయి. ‘ఆవేశం’ పూనకానికి దగ్గర. చివరకు ‘భావం’ అనే పాత మాటకే వచ్చినాను. కాని అది కూడా నేటి తెలుగులో తలంపు, అభిప్రాయం అనే అర్థాలకు జారిపోయినది. మాటలోనే చిక్కున్నట్లయితే నిఘంటువు తీర్చేది. ఇక్కడి చిక్కు విషయంలోనే ఉన్నది.

శుక్లగారి సిద్ధాంతం సంగ్రహంగా ఇది: మనిషి జీవితాన్ని నడిపే ప్రవర్తకాలు భావాలే. బుద్ధి దారి చూపుతుంది, అడుగు వేయించేది భావం. పసిబిడ్డకు మొదట ఉన్నవి సుఖం, దుఃఖం రెండే. లోకంలోని వస్తువులతో పరిచయం పెరిగిన కొద్దీ ఆ రెండే పెక్కు భావాలుగా చీలుతాయి. దుఃఖానికి కారణమేదో తెలిసినప్పుడు దాని మీదికి పోయేటట్లు చేసేది క్రోధం, దానికి అందకుండా తొలగిపోయేటట్లు చేసేది భయం. దుఃఖమొకటే, నడకలు రెండు. ఈ విభజనను బట్టి చూస్తే భావమంటే ఒట్టి అనుభూతి మాత్రమే అనుకోవడం పొరపాటని తేలుతున్నది. అందులో విషయజ్ఞానమున్నది, అనుభూతి ఉన్నది, ఒక పనివైపు మొగ్గు కూడా ఉన్నది. మూడు పోగులు కలిపి పేనిన తాడు అది.

మన నైయాయికులు జ్ఞానం వల్ల ఇచ్ఛ, ఇచ్ఛ వల్ల ప్రయత్నం, ప్రయత్నం వల్ల చేష్ట కలుగుతాయని వరుస చెప్పినారు. వరుస చక్కనిదే. కాని ఒకే సంగతి తెలిసి, ఒకే ఫలాన్ని కోరిన ఇద్దరిలో ఒకడు లేచి పోవడం, మరొకడు అరుగు మీదనే కూర్చుండడం రోజూ చూస్తున్నాము. ఇచ్ఛకూ ప్రయత్నానికీ నడుమ ఉన్న ఆ ఎడమను నింపేదేది? శుక్లగారి వ్యాసాలలో దీనికి సమాధానమున్నది. అయితే అది పీఠికావ్యాసంలో కంటె క్రోధం, ఉత్సాహం అనే రెండు వ్యాసాలలో స్పష్టంగా దొరుకుతుంది.

క్రోధాన్ని గూర్చి చెబుతూ వారు వైరాన్ని ఊరవేసిన కోపంతో పోల్చినారు. వంటింటి పోలికే గాని ఎంతో లోతైనది. కోపం వచ్చినవాడు అప్పటికప్పుడు కొట్టవచ్చును, కొట్టకపోవచ్చును; గడియ దాటితే చల్లబడతాడు. వైరం పూనినవాడు ఏడాది పాటు నవ్వుతూ పలకరించి కూడా అదను కోసం కనిపెట్టుకొని ఉంటాడు. కోపం ఉప్పెన, వైరం ఊట. ఇంగ్లండులో అలెగ్జాండర్ షాండ్ 1914లో ప్రచురించిన శీలశాస్త్ర గ్రంథంలో ఇటువంటి భేదాన్నే పాటించినాడు. ఒక వస్తువును ఆశ్రయించి పెక్కు భావాలు ఒక కట్టుగా ఏర్పడడం వేరు, అప్పటికప్పుడు ఒక భావం పుట్టడం వేరు. శుక్లగారు షాండ్‌ను ఎరిగినవారు. వారి రసమీమాంసలో ఆ పరిచయం కనబడుతుంది. కాని ఈ భేదం వారికి పాశ్చాత్యుల వల్లనే దొరికిందనడం సరికాదు. అది భరతుని సొమ్ము.

భరతుడు స్థాయీభావాలు ఎనిమిదని, వ్యభిచారులు ముప్పది మూడని లెక్కించినాడు. రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం అనేవి స్థాయులు. ఈ ఎనిమిదింటిలో ఏడింటిని నేటి మనశ్శాస్త్రజ్ఞుడు కూడా భావాలుగా ఒప్పుకోవచ్చును. ఎనిమిదవదైన ఉత్సాహం దగ్గర ఆయన సంశయిస్తాడు. ఇది అనుభూతియా, పనికి పూనుకొనే శక్తియా? భరతుడు ఆ రెంటిని వేరు చేయలేదు. పైగా వీరరసానికి విభావాలుగా చెప్పినవాటిలో మొదటివి అసమ్మోహం, అధ్యవసాయం. అనగా తెలివి చెదరకుండుట, నిశ్చయం. వీరుడంటే కన్ను మూసుకొని దూకేవాడని మనమనుకొంటాము. భరతుని వీరునికి ముందు కావలసినది కలతలేని తెలివి. మరి మనం సాధారణంగా వీరత్వమనుకొనే ఆ వడి, ఆ పొంగు ఎక్కడికి పోయినది? అది ‘ఆవేగం’ అనే పేరుతో ముప్పది మూడు వ్యభిచారులలో ఒకటిగా ఉన్నది. వచ్చి పోయేవాటిలో దానిని చేర్చి, ఉత్సాహాన్ని నిలిచి ఉండేవాటిలో చేర్చడంలోనే ప్రవృత్తిని గూర్చిన ఒక సిద్ధాంతం ఇమిడి ఉన్నది.

మన పల్లెలలో పాలు కాచే తీరులు రెండు. పొయ్యి మీద మంట పెట్టి కాచితే చూస్తుండగానే పొంగుతాయి, మంట తీయగానే అణగుతాయి. దాలిలో పిడకల సెగ మీద ఉంచిన పాలు పొద్దంతా కాగి ఎర్రని మీగడ కడతాయి. రెండూ వేడిమివల్ల కలిగినవే. ఆవేగం పొంగు వంటిది, ఉత్సాహం దాలి వంటిది. ఈ భేదాన్ని పరీక్షించడానికి సూరత్ కంటె తగిన చోటు నాకు తెలియదు. ఎందుకనగా, ఆధునిక గుజరాతీ సాహిత్యంలో పొంగునే కవిత్వానికి ప్రాణమని చాటిన నర్మద్ ఈ ఊరివాడు.

నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే 1833లో సూరత్‌లో పుట్టినాడు. 1852లో ఆయన బడిపంతులుగా పనిచేసిన రాందేర్ ఇచ్ఛాపోర్ ఉన్న ఒడ్డునే ఉన్నది. 1858లో ‘కవి ఔర్ కవిత’ అని మనం హిందీలో చెప్పుకోదగిన పేరుతో ఒక వ్యాసం వ్రాసి, ఇంగ్లీషు విమర్శకుడు హాజ్లిట్ చెప్పిన మాటలను తన కాలానికి అన్వయించుకొన్నాడు. కవిత్వానికి మూలం ‘జోస్సో’ అన్నాడు. ఫారసీ ‘జోష్’కు చుట్టమైన మాట ఇది. జోష్‌కు మొదటి అర్థం ఉడకడం, పొంగడం. అదే ఏడు నవంబరు 23వ తేదీన బొంబాయిలో ఉపాధ్యాయపదవికి రాజీనామా ఇచ్చి, ఇంటికి వచ్చి కన్నీటితో కలాన్ని చూచి, ఇక నీ ఒడిలోనే ఉంటానని దానికి తలవంచినట్లు ఆత్మకథలో చెప్పుకొన్నాడు. 1866లో వ్రాసిన ఆ ఆత్మకథ ‘మారీ హకీకత్’ ఆయన శతజయంతి సంవత్సరమైన 1933లో గాని లోకానికి చేరలేదు. 1860లో వితంతువివాహం విషయమై జదునాథ్‌జీ మహారాజ్‌తో బహిరంగంగా వాదించినాడు. 1864లో ‘దాండియో’ అనే పత్రిక స్థాపించినాడు. తరువాత కొన్నేళ్ళకు తానే ఒక వితంతువును వివాహమాడినాడు. ఇంట్లో ఇల్లాలు డాహీగౌరి ఉండగానే ఆ వివాహం చేసుకొన్నాడన్నది కూడా విమర్శకుడు దాచరాదు. పొంగు వచ్చినప్పుడు ఎవరి ఇంటి ముంగిలి తడుస్తుందో అది చూచుకోదు.

చివరి అంకం గుజరాతీలకు నేటికీ నొప్పి కలిగించేది. కలం తప్ప వేరు కొలువు చేయనన్నవాడు అప్పుల బాధ పడి ఇరవైనాలుగేళ్ళ తరువాత, 1882లో, ఒక ధర్మసంస్థలో ఉద్యోగానికి ఒప్పుకొన్నాడు. సంస్కరణవాదాన్ని విడిచి ‘ధర్మవిచార్’ వ్యాసాలలో పూర్వాచారం వైపు మరలినాడు. 1886లో కన్నుమూసినాడు. జోస్సో చల్లారినది, కవి ఓడినాడని కొందరు తీర్పు చెప్పినారు.

ఈ తీర్పు నాకు సమ్మతం కాదు. వారు లెక్కలోకి తీసుకోని గ్రంథమొకటున్నది. అది ‘నర్మకోశం’. పాతికవేల పైచిలుకు మాటలతో 1873లో పూర్తిగా వెలువడిన ఆ గుజరాతీ నిఘంటువును ఆయన ఒంటరిగా పదేళ్ళకు పైగా శ్రమించి కూర్చినాడు. జోస్సోతో గీతం వ్రాయవచ్చును, పదవి విడువవచ్చును, సభలో సవాలు చేయవచ్చును. ‘అ’ మొదలు చివరి హల్లు దాకా మాట వెంట మాట చీటీ మీద ఎక్కించడం జోస్సో వల్ల అయ్యే పని కాదు. ఆనాటి రాజీనామా ఆవేగమే అనుకొందాము. దానిని ఇరవైనాలుగేళ్ళు నిలబెట్టినది మాత్రం ఉత్సాహం. నర్మద్ తన సిద్ధాంతంలో మొదటిదానికే పేరు పెట్టినాడు. రెండవది జీవితంలో ఉన్నా దానికి పేరు పెట్టలేదు. ఆయన సిద్ధాంతం కంటె ఆయన జీవితమే పెద్ద సాక్ష్యం.

నర్మద్ తరువాతి తరంలో రమణభాయి నీలకంఠ్ అంతఃక్షోభమే కవితకు మూలమన్నాడు. ఆనందశంకర్ ధ్రువ్ దానికి ఎదురు చెప్పి, కవిత ఆత్మ యొక్క కళ కనుక హృదయాన్ని మాత్రమే కదిలిస్తే చాలదన్నాడు. ఈ వాదం మనకు కొత్తది కాదు. క్రౌంచవధను చూచిన వాల్మీకి శోకం శ్లోకమైనదన్న ప్రసిద్ధిని వ్యాఖ్యానిస్తూ అభినవగుప్తుడు, ఆ శోకాన్ని ముని యొక్క సొంత శోకమని తలచరాదన్నాడు. తానే దుఃఖంతో కుమిలిపోయేవాడు కావ్యం చెప్పలేడని ఆయన భావం. రసానుభవంలో ఉన్నవానికి ఎదుటి వస్తువును తీసుకోవాలనీ ఉండదు, తొలగించుకోవాలనీ ఉండదు. అంటే మూడు పోగులలో ప్రవృత్తి అనే పోగును కావ్యం సడలిస్తుందన్నమాట. అట్లయితే కవిత్వం మనిషిని పనికి పురికొల్పుతుందని నర్మద్ మొదలు నేటి వరకు సంస్కర్తలు పెట్టుకొన్న ఆశ ఒట్టిదేనా?

శుక్లగారు ఇక్కడ అభినవగుప్తునితో పూర్తిగా ఏకీభవించరు. కావ్యంలోని కరుణ, క్రోధం లోకమంగళానికి తోడ్పడాలన్నదే వారి పట్టు. నాకు తోచినంతలో ఇద్దరి మాటలకూ పొత్తు కుదురుతుంది. కావ్యం చదువుతున్న గడియలో మనం కత్తి పట్టుకోము. కాని ఏ వస్తువును చూచి దుఃఖించాలి, దేనిపై కోపించాలి అన్న శిక్షణ ఆ గడియలోనే జరుగుతుంది. ఆవేగం అప్పుడే పోతుంది. ఆలంబనం మాత్రం మనస్సులో నాటుకొంటుంది. తరువాత ఎన్నడో లోకంలో అదే ఎదురైనప్పుడు పనికి వస్తుంది.

పాశ్చాత్య మనశ్శాస్త్రం ఈ దారినే చుట్టు తిరిగి వచ్చినది. విలియం జేమ్స్ 1884లో, భయపడి వణకడం లేదు, వణకడం వల్లనే భయమని తెలుస్తున్నదన్నంతగా శరీరానికి పెద్దపీట వేసినాడు. మెక్‌డూగల్ 1908లో ప్రతి సహజప్రవృత్తికీ నడుమ ఒక భావముంటుందని చెప్పి రెంటినీ జోడించినాడు. డచ్చి శాస్త్రజ్ఞుడు ఫ్రైడా 1986లో భావమంటే ఒక పనికి సంసిద్ధతయే అన్నాడు. ఇది శుక్లగారు భయక్రోధాలకు చెప్పిన భేదానికి ఎంతో చేరువ. అంతకంటె నన్ను ఆలోచింపజేసినది అమెరికాలో కెంట్ బెరిడ్జ్, ఆయన సహచరులు చేసిన పరిశోధన. ఎలుకల మెదడులో డోపమిన్ అనే ద్రవ్యాన్ని హరించినప్పుడు అవి ఎదుట ఉన్న ఆహారం కోసం కదలలేదు. కాని తీపి నోటికి తగిలించినప్పుడు ఇష్టాన్ని తెలిపే ముఖచేష్టలు మునుపటివలెనే చూపినవి. ఇష్టపడడం వేరు, దానికై లేచి పోవడం వేరు. రెండూ సాధారణంగా కలిసి ఉండడం వల్ల మనం ఒకటే అనుకొంటున్నాము.

తెలుగు పాఠకునికి ఈ భేదం ఎలుకల వల్ల తెలియనవసరం లేదు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ చాలును. వితంతువివాహాన్ని గూర్చి గిరీశం ఉపన్యాసాలలో లేని ఆవేశం లేదు. అతని మాటలకు బుచ్చమ్మ హృదయం కదిలినది, చదివే మనకూ ఒక్కొక్కప్పుడు కదులుతుంది. కాని అతని భావం ఒకచోట, ప్రయోజనం మరొకచోట. మధురవాణి ఏ సంస్కరణోపన్యాసమూ చెప్పదు. చిక్కులో పడిన ముసలి లుబ్ధావధాన్లును విడిపించడానికి వేషం మార్చి సౌజన్యారావు ఇంటికి పోతుంది. ఆమెలోని జాలి మాటలుగా పొంగలేదు, పనిగా మారినది. రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు జరిపించిన మొదటి వితంతువివాహానికి వెనుక ఉన్నది కూడా ఈ రెండవ జాతి భావమే. సంస్కరణకాలంలో ఈ రెండు జాతులూ పక్కపక్కనే ఉండినవి. గురజాడ వాటిని విడదీసి చూపినాడు.

ఇక శుక్లగారి ఉత్సాహవ్యాసం దగ్గరకు మరల వస్తాను. ఉత్సాహంలో కష్టాన్ని ఎదుర్కొనే నిబ్బరంతో పాటు పని చేయడంలోనే ఒక ఆనందముంటుందని వారి నిర్ణయం. జబ్బుపడిన తన వానికోసం వైద్యుల ఇళ్ళకు తిరిగేవాని ఉదాహరణ ఇచ్చినారు. మందు పనిచేస్తుందో లేదో తెలియదు. అయినా తిరిగినంతసేపూ అతనికి ఊరట ఉంటుంది; రోగి దక్కకపోయినా, చేయవలసినది చేయలేదన్న పశ్చాత్తాపముండదు. ఫలం మీది ఆశ కంటె కర్మ మీది ప్రీతి మనిషిని ఎక్కువ దూరం నడిపిస్తుందన్న గీతార్థాన్ని ఒక సామాన్యగృహస్థుని పరుగులో చూపడం శుక్లగారికే చెల్లినది.

కాని ఇక్కడ ఒక మాట అడగవలసి ఉన్నది. పనిలో ఆనందం లేనివాని సంగతి ఏమిటి? సూరత్ మరమగ్గాల మధ్య పన్నెండు గంటల షిఫ్టు నిలబడేవానికి, చెవులు దిబ్బడపడే ఆ చప్పుడులో, కర్మ మీద ప్రీతి ఉన్నదని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆవేగం లేదు, సాహసోల్లాసం లేదు. అయినా ప్రతిరోజూ పోతున్నాడు. నెలనెలా ఊరికి డబ్బు పంపుతున్నాడు. అతనిని భయం నడిపిస్తున్నదా, అప్పు నడిపిస్తున్నదా, ఇంటి మీది ప్రీతి నడిపిస్తున్నదా? బహుశా మూడూ ఒకే వస్తువును ఆశ్రయించి కట్టుగా ఏర్పడి ఉండవచ్చును. అవసరం తోసినప్పుడు కూడా ఆ తోపుకు దిక్కు చూపేది ఎవరి ముఖమో ఒకటి ఉంటుంది. శుక్లగారి నిర్వచనంలో ఈ మనిషికి చోటు తక్కువ. కర్మవీరుణ్ణి చూచినంత దగ్గరగా వారు కూలివానిని చూడలేదనిపిస్తుంది. భరతుని అధ్యవసాయంలో అతనికి చోటున్నది. ఆ మాట ఆనందాన్ని తప్పనిసరి చేయదు.

యౌవనంలో నేను ఈ వ్యాసాలను ఒక్క నెలలో తెనిగిస్తానని మిత్రులతో పలికి, పది పుటలు వ్రాసి కట్టిపెట్టినాను. ఆనాడు నాలో ఉన్నదానిని ఉత్సాహమని పిలుచుకొన్నాను. ఇప్పుడు దానికి తగిన పేరు తెలిసినది. ఏబది దాటిన తరువాత రోజుకు ఒక పేరా చొప్పున సాగుతున్న ఈ పనిలో ఆ పొంగు లేదు. పుస్తకం మాత్రం ముగింపుకు వస్తున్నది.

నేటి తెలుగులో ఉత్సాహమంటే హుషారు, సరదా, పిల్లల కేరింత. కనుక శుక్లగారి వ్యాసానికి మరొక పేరు పెట్టవలసినదని మిత్రులు సలహా ఇచ్చినారు. పూనిక అందామన్నారు, పట్టుదల అందామన్నారు. రెండూ మంచి మాటలే. కాని పూనికలో అనుభూతి కనబడదు, పట్టుదలలో మొండితనం తొంగిచూస్తుంది. భావాన్నీ ప్రవృత్తినీ ఒకే మాటలో పట్టిన పూర్వుల పదం ఒక్కటి మనకు మిగిలి ఉండగా దానిని విడిచిపెట్టడం నాకు ఇష్టం లేకపోయినది. అందుచేత ఉత్సాహమనే ఉంచినాను. పాఠకులు ఆ పేరు చూచినప్పుడు పొంగిన పాలను కాక దాలిలోని సెగను తలచుకోవాలని నా మనవి.